రెండు దూరపు విమానాశ్రయాల మధ్య దూరాన్నీ ప్రయాణ సమయాన్నీ లెక్కకట్టడం ఎలా?

భూగోళానికి ఈ కొసన ఉన్న విమానాశ్రయం నుంచి ఆ కొసన ఉన్న మరో విమానాశ్రయానికి ఎంత దూరమో, ఎన్ని గంటలు పడుతుందో వెతికిన వారికి నాలుగు చోట్ల నాలుగు అంకెలు కనిపిస్తాయి. దుబాయి నుంచి లాస్ ఏంజెలెస్‌కు ఒక చోట 13,400 కిలోమీటర్లని ఉంటే మరో చోట 13,420 అని ఉంటుంది. తీరా విమానం ఎక్కాక, ప్రయాణం ముగిసేనాటికి ఆ విమానం నిజంగా తిరిగిన దారి 14,000 కిలోమీటర్లకు దగ్గర పడుతుంది. సమయం దగ్గరికి వస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. టికెట్టు మీది గంటలు ఒకటి, గాలిలో ఉన్న గంటలు మరొకటి, దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చే గంటలు ఇంకొకటి. వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకు జవాబు. ఏ అంకె ఏ ప్రశ్నకు చెందినదో తెలియక కలగాపులగం చేయడం వల్లే తప్పు పుడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో దుబాయి, లాస్ ఏంజెలెస్ జతనే మొదటి నుంచి చివరి వరకు పట్టుకుని, ఒక్కొక్క మెట్టు వద్ద ఏ అంకె వస్తుందో, అది ఎందుకు మారుతుందో చూద్దాం.

మొదటి మెట్టు: ఏ విమానాశ్రయమో ఖరారు చేసుకోవాలి

లెక్క నగరాల మధ్య కాదు, విమానాశ్రయాల మధ్య. లండన్ అంటే హీత్రో కావచ్చు, గాట్విక్ కావచ్చు, స్టాన్‌స్టెడ్ కావచ్చు. టోక్యో నగరానికి ఆనుకుని ఉన్న హనేడాకూ, ఊరికి బాగా ఎడంగా ఉన్న నరీటాకూ మధ్యే సుమారు 60 కిలోమీటర్ల దూరం ఉంది. దీనికి తోడు ఒకే పేరున్న ఊళ్లు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఒక సిడ్నీ, కెనడాలో ఒక సిడ్నీ ఉన్నాయి. ఒకదానికి బదులు మరొకదానికి టికెట్టు కొనుక్కుని, దిగాక గాని సంగతి తెలియని ప్రయాణికుల ఉదంతాలు వార్తలకెక్కాయి. కాబట్టి పేరుతో కాక, టికెట్ల మీద కనిపించే మూడక్షరాల కోడ్‌తో వెతకడం మేలు. దుబాయి అంతర్జాతీయ విమానాశ్రయానికి డి.ఎక్స్.బి., లాస్ ఏంజెలెస్‌కు ఎల్.ఏ.ఎక్స్. అనేవి ఆ కోడ్‌లు. పైలట్లు, నియంత్రణ కేంద్రాలు వాడే నాలుగక్షరాల కోడ్‌లు వేరు. విమానాల రాకపోకల పట్టికల్లో అవి ఎదురైతే తికమకపడనవసరం లేదు.

రెండో మెట్టు: అక్షాంశ, రేఖాంశాలను సరైన రూపంలోకి మార్చుకోవాలి

ప్రతి విమానాశ్రయానికీ అధికారికంగా గుర్తించిన ఒక సూచన బిందువు ఉంటుంది. సాధారణంగా అది రన్‌వేల మధ్య ప్రాంతంలో ఉంటుంది. ఆయా దేశాల పౌర విమానయాన సంస్థలు వెలువరించే సమాచార సంపుటాల్లో దాని అక్షాంశ, రేఖాంశాలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్ల రూపంలో ఉంటాయి. దుబాయిది ఉత్తర అక్షాంశం 25 డిగ్రీల 15 నిమిషాల 10 సెకన్లు, తూర్పు రేఖాంశం 55 డిగ్రీల 21 నిమిషాల 52 సెకన్లు. లాస్ ఏంజెలెస్‌ది ఉత్తర అక్షాంశం 33 డిగ్రీల 56 నిమిషాల 33 సెకన్లు, పశ్చిమ రేఖాంశం 118 డిగ్రీల 24 నిమిషాల 29 సెకన్లు.

వీటిని దశాంశాల్లోకి మార్చడానికి నిమిషాలను 60తో, సెకన్లను 3,600తో భాగించి డిగ్రీలకు కలపాలి. దుబాయి అక్షాంశం 25 + 15/60 + 10/3600 = 25.2528 అవుతుంది, రేఖాంశం 55.3644 అవుతుంది. లాస్ ఏంజెలెస్ అక్షాంశం 33.9425, రేఖాంశం 118.4081. 25 డిగ్రీల 15 నిమిషాల 10 సెకన్లను చూసి నేరుగా 25.1510 అని రాసుకోవడం కొత్తవారు తరచూ చేసే పొరపాటు. అంకె చూడటానికి సరిగానే ఉంటుంది కనుక ఆ తప్పు కంటికి ఆనదు. ఈ ఒక్క చోటే పదకొండు కిలోమీటర్ల పైచిలుకు తేడా వస్తుంది.

అంతకన్నా పెద్ద ప్రమాదం గుర్తుల్లో ఉంది. ఉత్తరం, తూర్పు ధనాత్మకం. దక్షిణం, పశ్చిమం రుణాత్మకం. లాస్ ఏంజెలెస్ రేఖాంశాన్ని మైనస్ 118.4081 అని రాయాలి. నేను ఈ లెక్క మొదటిసారి కట్టినప్పుడు ఆ మైనస్ గుర్తును మరిచిపోయాను. వచ్చిన జవాబు 6,080 కిలోమీటర్లు. అమెరికా ఇంత దగ్గర ఎలా అయిందా అని పటం తీసి చూస్తే, నేను కొలిచింది చైనా తూర్పు భాగంలోని జియాంగ్సు ప్రాంతానికి! అప్పటి నుంచి ఏ అంకె వచ్చినా, ముందు గ్లోబు మీద వేలితో దారి గీసి చూసుకోవడం అలవాటైంది.

మూడో మెట్టు: మహావృత్త దూరం కట్టాలి

గోడ మీది పటంలో దుబాయికీ లాస్ ఏంజెలెస్‌కూ మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే అది అడ్డంగా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. రెండు నగరాలూ ఇంచుమించు ఒకే ఎత్తులో కనిపిస్తాయి కనుక అదే దగ్గరి దారి అనిపిస్తుంది. ఆ గీత వెంబడి, అంటే సుమారు 30 డిగ్రీల అక్షాంశం వెంబడి, తిన్నగా పడమటికి పోతే దూరం 16,800 కిలోమీటర్లు అవుతుంది. నిజానికి దగ్గరి దారి దుబాయి నుంచి ఇంచుమించు నేరుగా ఉత్తరానికి లేచి, ఉత్తర ధ్రువానికి 600 కిలోమీటర్ల సమీపం దాకా వెళ్లి, అక్కడి నుంచి దక్షిణానికి దిగుతుంది. గుండ్రని భూమిని చదునైన కాగితం మీద పరిచినప్పుడు ధ్రువాల దగ్గరి ప్రాంతం సాగిపోవడం వల్ల ఈ దారి పటంలో పెద్ద విల్లులా వంగి కనిపిస్తుంది. గ్లోబు మీద రెండు చోట్లా వేళ్లు పెట్టి ఒక దారాన్ని బిగించి పట్టుకుంటే, అది తానే వచ్చి ఆ విల్లు మీద కూర్చుంటుంది. భూకేంద్రం గుండా పోయే తలంతో గోళాన్ని కోస్తే ఏర్పడే వృత్తాన్ని మహావృత్తం అంటారు. రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి ఎప్పుడూ ఆ వృత్తం మీదే ఉంటుంది.

దీన్ని లెక్కించడానికి నౌకాయానం నుంచి వచ్చిన హావర్‌సైన్ సూత్రం చాలు:

క = సైన్²(అక్షాంశాల తేడా ÷ 2) + కొసైన్(మొదటి అక్షాంశం) × కొసైన్(రెండో అక్షాంశం) × సైన్²(రేఖాంశాల తేడా ÷ 2)

కోణం = 2 × విలోమ సైన్(√క)

దూరం = 6,371 × కోణం

ఇక్కడ 6,371 అనేది కిలోమీటర్లలో భూమి సగటు వ్యాసార్ధం. చివరి పంక్తిలో కోణం రేడియన్లలో ఉండాలి (రేడియన్ కోణాన్ని కొలిచే మరో ప్రమాణం, 180 డిగ్రీలు అంటే 3.1416 రేడియన్లు). స్ప్రెడ్‌షీట్లలోని సైన్, కొసైన్ ఫంక్షన్లు కూడా రేడియన్లనే అడుగుతాయి కనుక డిగ్రీలను ముందే మార్చుకోవాలి. అర్థం లేని దూరం వస్తే మొదట అనుమానించవలసింది దీన్నే.

మన జతకు అక్షాంశాల తేడా 8.6897 డిగ్రీలు, రేఖాంశాల తేడా 173.7725 డిగ్రీలు. మొదటి పదం 0.00574. కొసైన్ల లబ్ధం 0.75032, దాన్ని 0.99705తో గుణిస్తే 0.74810. రెండూ కలిపితే క విలువ 0.75384. దాని వర్గమూలం 0.86824, కోణం 120.51 డిగ్రీలు, అంటే 2.1033 రేడియన్లు. దీన్ని 6,371తో గుణిస్తే 13,400 కిలోమీటర్లు వస్తాయి.

కాలిక్యులేటర్ మాత్రమే చేతిలో ఉన్నప్పుడు పనికొచ్చే చిన్న కిటుకు ఒకటి ఉంది. విమానయానంలో వాడే నాటికల్ మైలు పుట్టిందే మహావృత్తం మీద ఒక నిమిషపు కోణం నుంచి. 120.51ని 60తో గుణిస్తే 7,231 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలు విలువను 1929లో 1.852 కిలోమీటర్లుగా స్థిరపరిచారు. దానితో గుణిస్తే 13,391 కిలోమీటర్లు. అవసరమైన మేరకు ఇది చాలు. దీన్ని రోడ్ల మీద వాడే 1.609 కిలోమీటర్ల మైలుతో మాత్రం కలపకూడదు. దూరం “మైళ్లలో” ఇచ్చిన చోట అది ఏ మైలో చూడకుండా ముందుకు పోతే 15 శాతం తప్పు తప్పదు.

మరి 13,420 ఎక్కడిది? భూమి పూర్తి గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల వైపు 6,357. ఈ నొక్కుడును లెక్కలోకి తీసుకునే పద్ధతులు వేరే ఉన్నాయి. వాటిలో పేరు పొందినది విన్సెంటీ 1975లో ప్రకటించిన పద్ధతి. దూరం చూపే మంచి ఉపకరణాలు చాలా ఇలాంటి దీర్ఘగోళపు లెక్కనే వాడతాయి, అలా వచ్చిందే 13,420. గోళపు లెక్కకూ దీనికీ మధ్య తేడా ఎంత విపరీతమైన జతకైనా అర శాతం దాటదు. మన జతలో అది 20 కిలోమీటర్లు, విమానానికి నిమిషంన్నర కన్నా తక్కువ. పదో దశాంశం దాకా పోయి తలనొప్పి తెచ్చుకోవడంలో అర్థం లేదు, ఎందుకంటే తరువాతి మెట్టులోనే ఇంతకు పాతిక రెట్లు కలపబోతున్నాం. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. గోళానికి దాదాపు ఎదురుబొదురుగా ఉన్న చోట్లకు విన్సెంటీ పద్ధతి కొన్నిసార్లు జవాబు తేల్చదు. అలాగే భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యా దగ్గరి దారి 20,000 కిలోమీటర్లను చెప్పుకోదగ్గంతగా మించదు. అంతకు మించిన అంకె వస్తే లెక్కలో ఎక్కడో తప్పు జరిగిందన్నమాటే.

నాలుగో మెట్టు: కాగితం మీది గీత నుంచి నిజమైన దారికి

విమానం మహావృత్తాన్ని పట్టుకుని పోదు. లేవగానే రన్‌వే దిశలో కొంత దూరం పోయి, నిర్దేశించిన మలుపులు తిరిగి అప్పుడు దారికి వస్తుంది. దిగేటప్పుడూ అంతే. నడుమ వాయుమార్గాలు, సైనిక నిషిద్ధ ప్రాంతాలు, తుఫానులు ఉంటాయి. రెండు ఇంజన్ల విమానమైతే, ఒక ఇంజన్ ఆగినా నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలిగేంత దగ్గరలో ఉండాలన్న నియమం కూడా సముద్రాలు, ధ్రువ ప్రాంతాల మీది దారులను కొద్దిగా వంచుతుంది. నేను పాటించే లెక్క ఇది: దూర ప్రయాణాలకు మహావృత్త దూరానికి 3 నుంచి 5 శాతం కలుపుతాను. తక్కువ దూరాలకు మలుపుల వాటా పెరుగుతుంది కనుక ఇంకాస్త ఎక్కువే కలపాలి. మన జతకు 4 శాతం చొప్పున 13,950 కిలోమీటర్లు అవుతుంది. విమానం 11 కిలోమీటర్ల ఎత్తున పోతుంది కాబట్టి వృత్తం పెద్దదవుతుంది కదా అని కొందరు అడుగుతారు. నిజమే గాని ఆ పెరుగుదల 0.17 శాతం మాత్రమే, మనం కలిపిన 4 శాతంలో అది ఇమిడిపోతుంది.

ఈ 3 నుంచి 5 శాతం సూత్రం పూర్తిగా కుప్పకూలే సందర్భం ఒకటుంది. ఒక దేశం తన గగనతలాన్ని మూసివేస్తే శాతాలతో పని ఉండదు. హెల్సింకీ నుంచి టోక్యో నరీటాకు మహావృత్త దూరం సుమారు 7,800 కిలోమీటర్లు, అది చాలా భాగం రష్యా మీదుగా పోతుంది. 2022లో రష్యా గగనతలం మూతపడ్డాక ఫిన్‌ఎయిర్ విమానాలు ధ్రువం మీదుగానో దక్షిణం నుంచి చుట్టుకునో పోవలసి వచ్చింది. సుమారు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం 13 గంటలకు చేరింది. విమానాశ్రయాలు కదలలేదు, మహావృత్త దూరం ఒక్క మీటరు మారలేదు, ప్రయాణ సమయం మాత్రం మూడో వంతుకు పైగా పెరిగింది. కనుక మీ మహావృత్తం ఏయే దేశాల మీదుగా పోతోందో చూసుకుని, అవి నేడు తెరిచి ఉన్నాయో లేదో, మీరెక్కే సంస్థకు ఆ దారి అనుమతి ఉందో లేదో తెలుసుకోకుండా శాతం కలపకూడదు.

అయిదో మెట్టు: విమానం వేగం

విమానం ఎంత వేగంగా పోతుందన్నదానికి పైలట్లు మాక్ సంఖ్యలో జవాబు చెబుతారు. అంటే ధ్వని వేగంలో ఎంత భాగమని. దూర ప్రయాణాలకు వాడే బోయింగ్ 777 మాక్ 0.84 దగ్గర, బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 మాక్ 0.85 దగ్గర పోతాయి. తక్కువ దూరాలకు వాడే ఎ320, బోయింగ్ 737 తరహా విమానాలు 0.78 దగ్గర ఉంటాయి. ప్రామాణిక వాతావరణంలో 11 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత మైనస్ 56.5 డిగ్రీలు. అక్కడ ధ్వని వేగం గంటకు 1,062 కిలోమీటర్లు. దానిలో 0.84 అంటే గంటకు 892 కిలోమీటర్లు, 0.78 అంటే 829.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. చలి పెరిగితే ధ్వని వేగం తగ్గుతుంది. అదే మాక్ సంఖ్య మీద విమానం నెమ్మదిస్తుంది. ఉష్ణోగ్రత ఇంకో పది డిగ్రీలు పడిపోతే 892 కాస్తా 872 అవుతుంది. మన 13,950 కిలోమీటర్లలో దారి పొడవునా అలాగే ఉంటే 22 నిమిషాలు కరిగిపోతాయి. సామాన్య అంచనాకు ఇంత లోతు అక్కర్లేదు గాని, శీతాకాలపు ధ్రువ దారుల్లో సమయం ఎందుకు సాగిందా అని అనుమానం వస్తే గుర్తుంచుకోదగ్గ సంగతి.

13,950ని 892తో భాగిస్తే 15 గంటల 38 నిమిషాలు. ఇది గాలి లేని లోకంలో, మొదటి మీటరు నుంచి చివరి మీటరు దాకా ఒకే వేగంతో పోయే విమానానికి పట్టే సమయం.

ఆరో మెట్టు: గాలి

అన్ని మెట్లలోకీ ఎక్కువ నిమిషాలను ఇటు అటు చేసేది ఇదే. 892 అనేది గాలికి సాపేక్షంగా విమానం వేగం. ఆ గాలి తానే ఒక వైపు కదులుతుంటే, నేల మీద కొలిచే వేగం మారిపోతుంది. నదిలో పడవ పోవడం లాంటిదే ఇది. సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, మధ్య అక్షాంశాల మీదుగా పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్‌లు గంటకు 150 నుంచి 300 కిలోమీటర్ల దాకా, ఒక్కోసారి అంతకు మించీ వీస్తాయి. శీతాకాలంలో బలపడతాయి. వీటిని 1920లలోనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త ఓయిషి వసబురో బెలూన్లు ఎగరేసి కనిపెట్టాడు. అయితే ప్రపంచమంతటికీ అర్థం కావాలన్న ఆశతో ఎస్పెరాంటో భాషలో ప్రచురించడంతో దాన్ని చదివినవారే తక్కువయ్యారు.

2020 ఫిబ్రవరిలో కియారా తుఫాను సమయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీద దాని వేగం ఒక దశలో గంటకు 1,327 కిలోమీటర్లు. సముద్రమట్టంలో ధ్వని వేగం 1,225 మాత్రమే కదా, విమానం ధ్వనిని దాటిందా అని చాలామంది ఆశ్చర్యపోయారు. దాటలేదు. తన చుట్టూ ఉన్న గాలికి సాపేక్షంగా అది ఎప్పటి వేగంతోనే పోయింది, గాలే దాన్ని మోసుకుపోయింది.

దీన్ని లెక్కలోకి తేవడానికి దారి దిశకూ గాలి దిశకూ మధ్య కోణం తెలియాలి. గాలి వేగాన్ని ఆ కోణపు కొసైన్‌తో గుణిస్తే దారి వెంట పనిచేసే భాగం వస్తుంది. గంటకు 120 కిలోమీటర్ల గాలి 60 డిగ్రీల కోణంలో తగిలితే 60 కిలోమీటర్ల లాభమో నష్టమో అన్నమాట. సగటున 100 కిలోమీటర్ల గాలి వీస్తున్న 5,600 కిలోమీటర్ల దారిని తీసుకుందాం. గాలిలో వేగం 900 అనుకుంటే, తోడుగాలితో 5,600 ÷ 1,000, అంటే 5 గంటల 36 నిమిషాలు. ఎదురుగాలితో 5,600 ÷ 800, అంటే సరిగ్గా 7 గంటలు. పోయేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోతుంది కాబట్టి చెల్లుకు చెల్లు అనుకుంటే పొరపాటు. రెండూ కలిపితే 12 గంటల 36 నిమిషాలు. గాలే లేకపోతే 12 గంటల 27 నిమిషాలు పట్టేది. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కనుక నష్టం ఎప్పుడూ లాభాన్ని మించుతుంది.

మన దుబాయి దారి ఈ విషయంలో విచిత్రమైనది. ఇది ఎక్కువ భాగం ఉత్తర, దక్షిణ దిశల్లో పోతుంది, గాలి పడమటి నుంచి పక్కకు తగులుతుంది. అడ్డుగాలి నష్టం చాలా స్వల్పం. 900 వేగానికి 100 అడ్డుగాలి తగిలితే నేల మీద వేగం సుమారు 894కు తగ్గుతుంది, అంతే. అందుకే ఈ జతకు పోను, రాను సమయాలు రెండూ పదహారు గంటలకు అటూ ఇటూగానే ఉంటాయి. తూర్పు పడమరలుగా పోయే దారుల్లో గంటకు పైగా తేడా మామూలే.

దూరం తక్కువైన దారే త్వరగా చేరే దారి కావాలని కూడా లేదు. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియా మొదట అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్ల దారిలో నడిపేది. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ మీదుగా, సుమారు 15,300 కిలోమీటర్ల దారికి మార్చింది. దాదాపు 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా వెనుక నుంచి జెట్ స్ట్రీమ్ నెట్టడంతో ప్రయాణం సుమారు రెండు గంటలు తగ్గింది. దూరాన్ని మాత్రమే చూసి సమయం చెప్పేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఏడో మెట్టు: నేల మీది నిమిషాలు

విమానం గేటు వదిలిన క్షణం నుంచి ఆవలి గేటు దగ్గర ఆగే క్షణం వరకు గడిచే సమయాన్ని బ్లాక్ టైమ్ అంటారు. టికెట్టు మీద ఉండేది ఇదే, గాలిలో ఉన్న సమయం కాదు. రద్దీ విమానాశ్రయాల్లో రన్‌వే దాకా పోవడానికి 15 నుంచి 25 నిమిషాలు, దిగాక గేటు చేరడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ఎత్తుకు చేరడానికి 20, 25 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో విమానం పూర్తి వేగంతో ఉండదు, పైగా 10,000 అడుగుల లోపు 250 నాట్లు (గంటకు 250 నాటికల్ మైళ్లు) మించకూడదన్న పరిమితి చాలా దేశాల్లో ఉంది. దిగడానికి కూడా సుమారు 200 కిలోమీటర్ల ముందు నుంచే ఎత్తు తగ్గించుకుంటూ రావాలి. ఎక్కడం, దిగడం రెండింటికీ కలిపి 20 నిమిషాలు, నేల మీద 25 నిమిషాలు కలిపితే మన లెక్క 16 గంటల 23 నిమిషాలకు చేరుతుంది. ఆలస్యం పేరు పడకుండా విమాన సంస్థలు ఇంకొన్ని నిమిషాలు ముందుజాగ్రత్తగా కలుపుకుంటాయి. “మన విమానం అరగంట ముందే దిగింది” అన్న సంతోషంలో కొంత భాగం ఆ నిమిషాల చలవే.

ఎనిమిదో మెట్టు: గడియారాల చిక్కు విప్పడం

టికెట్టు మీద రెండు సమయాలూ స్థానిక సమయాలే. దుబాయిలో ఉదయం 8:20కి బయలుదేరి అదే రోజు మధ్యాహ్నం 12:40కి లాస్ ఏంజెలెస్ చేరుతుందని రాసి ఉందనుకుందాం. చూపుకు 4 గంటల 20 నిమిషాలు. రెండింటినీ సార్వత్రిక సమయంలోకి, అంటే యు.టి.సి.లోకి మారిస్తే గాని నిజం తెలియదు. దుబాయి దానికి 4 గంటలు ముందుంటుంది కాబట్టి బయలుదేరినది 4:20. లాస్ ఏంజెలెస్ శీతాకాలంలో 8 గంటలు వెనకుంటుంది కాబట్టి చేరినది 20:40. తేడా 16 గంటల 20 నిమిషాలు. వేసవిలో లాస్ ఏంజెలెస్ గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. అప్పుడు అదే ప్రయాణం టికెట్టు మీద మధ్యాహ్నం 1:40గా కనిపిస్తుంది. విమానం నెమ్మదించలేదు, గడియారం జరిగింది.

గడియారాలు మార్చే తేదీలు దేశదేశానికీ వేరు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. ఆ నడుమ రెండు మూడు వారాల పాటు న్యూయార్క్, లండన్‌ల తేడా అయిదు గంటలకు బదులు నాలుగే. యు.టి.సి. కన్నా భారతదేశం అయిదున్నర గంటలు, నేపాల్ అయిదు గంటల నలభై అయిదు నిమిషాలు ముందుంటాయి కనుక తేడాలన్నీ పూర్తి గంటల్లో ఉంటాయనుకోవడమూ పొరపాటే. పసిఫిక్ మీద అంతర్జాతీయ దినరేఖ దాటితే వింత ఇంకా పెరుగుతుంది. జూలైలో సిడ్నీ నుంచి ఉదయం 11 గంటలకు బయలుదేరి పదమూడున్నర గంటలు ఎగిరిన విమానం అదే తేదీన ఉదయం 7:30కి లాస్ ఏంజెలెస్‌లో దిగుతుంది. తేదీని కూడా యు.టి.సి.లో రాసుకుంటే ఈ వింతలేవీ తికమక పెట్టవు.

తొమ్మిదో మెట్టు: సరిచూసుకోవడం

ఇప్పుడు మన చేతిలో ఒకటి కాదు, నాలుగు అంకెలు ఉన్నాయి. మహావృత్త దూరం 13,420 కిలోమీటర్లు, నిజమైన దారి 13,950కి అటూ ఇటూ, గాలిలో సుమారు 16 గంటలు, గేటు నుంచి గేటుకు సుమారు 16 గంటల 20 నిమిషాలు. వీటిని సరిచూడటానికి విమానాల కదలికలను చూపే ఫ్లైట్‌రాడార్24 వంటి వెబ్‌సైట్లలో అదే విమానం గత వారం పది రోజులుగా ఎంత సేపు గాలిలో ఉందో చూడాలి. ఒక్క రోజును నమ్మకూడదు, ఆ రోజు గాలి ఏదో ప్రత్యేకంగా వీచి ఉండవచ్చు. అంకెలన్నీ వరుసగా రాసి నడుమ పడేదాన్ని తీసుకుంటే సరి. దారిలో ఎక్కడైనా ఆగే ప్రయాణమైతే ఒక్కో అంచెకు విడివిడిగా ఇదే లెక్క కట్టి, ఆగే సమయాన్ని చివర కలపాలి. మొదటి ఊరికీ చివరి ఊరికీ మధ్య మహావృత్తం అక్కడ ఎందుకూ పనికిరాదు.

మన అంచనాకూ నిజమైన సమయానికీ మధ్య తేడా 20, 30 నిమిషాల లోపు ఉంటే లెక్క సవ్యంగా ఉన్నట్టే. సరిగ్గా గంట తేడా వస్తే గడియారం మార్పును మరిచిపోయి ఉంటాం. రెండు మూడు గంటల తేడా వస్తే విమానం దారిని పటం మీద తెరిచి చూడాలి, అది ఏదో ఒక గగనతలాన్ని చుట్టి పోతూ ఉంటుంది. తూర్పుకు పోయేటప్పుడు మనం అనుకున్న సమయం మిగిలి, పడమటికి పోయేటప్పుడు చాలకపోతే గాలిని తక్కువగా అంచనా వేశామన్నమాట. రెండు దిశల్లోనూ ఒకేలా తేడా వస్తే విమానం రకాన్నీ దాని మాక్ సంఖ్యనూ మళ్లీ చూసుకోవాలి. దూరమే సగానికి సగం తగ్గి కనిపిస్తే మాత్రం రేఖాంశం ముందున్న మైనస్ గుర్తు ఎక్కడ పోయిందో వెతకాలి.